పెంపుడు జంతువుల ఆసుపత్రిలో శిక్షణ, సాంకేతికత: తరచుగా అడిగే ప్రశ్నలు

యంత్రాలు ఎక్కువున్నాయంటే మంచి ఆసుపత్రి అనుకోవచ్చా?

ఆ ఒక్కటీ చూసి చెప్పలేం. యంత్రం అంకె చూపిస్తుంది. ఆ అంకె సరిగ్గా వచ్చేలా చూసుకోవడం, వచ్చాక ఏం చేయాలో తేల్చడం మనుషుల పని.

బీపీ కొలవడమే తీసుకోండి. కాలికి చుట్టే పట్టీ వెడల్పు ఆ కాలి చుట్టుకొలతలో 30 నుంచి 40 శాతం ఉండాలి. పట్టీ మరీ సన్నదైతే బీపీ అసలుకంటే ఎక్కువ చూపిస్తుంది, మరీ వెడల్పైతే తక్కువ చూపిస్తుంది. జంతువు గదికి అలవాటు పడేదాకా ఐదు పది నిమిషాలు ఆగాలి. మొదటి కొలతను వదిలేసి, ఆ తర్వాతి ఐదారు కొలతల సగటు తీసుకోవాలి. హడావిడిగా ఒక్కసారి కొలిచి, 180 వచ్చిందని మాత్రలు మొదలుపెడితే, భయపడ్డ పిల్లికి బీపీ రోగి అని ముద్ర వేసినట్టే. రెండు ఆసుపత్రుల్లోనూ యంత్రం ఒకటే కావచ్చు, ఫలితం మాత్రం ఒకటి కాదు.

అందుకని మూడు ప్రశ్నలు అడగండి. ఈ యంత్రం వాడేది ఎవరు, వాళ్లెక్కడ నేర్చుకున్నారు? మత్తులో ఉన్నంతసేపూ పక్కన ఒక మనిషి ఉంటారా? రాత్రి ఉంచుకుంటే ఎవరైనా మెలకువగా ఉంటారా, తాళం వేసి వెళ్లిపోతారా? మూడోది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అడగాల్సింది ముఖ్యంగా అదే.

సిబ్బందికి శిక్షణ అంటే అసలు ఏం నేర్పిస్తారు?

ప్రతి పనికీ విడిగా ఒక చిట్టా ఉంటుంది. సెలైన్ కోసం నరానికి సూది పెట్టడం, శ్వాసనాళంలోకి గొట్టం వేయడం, ఎక్స్‌రేకి సరిగ్గా పడుకోబెట్టడం, మూత్రాశయంలోంచి సూదితో మూత్రం తీయడం, ఇలా. కొత్తవాళ్లు ముందు చూస్తారు. తర్వాత బొమ్మ మీద చేస్తారు, ఆ తర్వాత సీనియర్ పక్కన నిలబడి ఉండగా చేస్తారు. ఒంటరిగా చేయడం చివరి మెట్టు. ప్రతి మెట్టుకీ తేదీ, సంతకం ఉండాలి. లేకపోతే ఎవరికి ఏది వచ్చో మాటమీద నడుస్తుంది, రద్దీ రోజున అదే కొంప ముంచుతుంది.

కుట్లకు సిలికాన్ ప్యాడ్లు, గొట్టం వేయడానికి తల నమూనాలు, గుండె నొక్కడానికి బొమ్మ కుక్కలు ఉంటాయి. చిన్న రంధ్రాల్లోంచి చేసే లాపరోస్కోపీకి కెమెరా అమర్చిన పెట్టె ఉంటుంది. ఈ పెట్టె అవసరం ఎంతో మొదటిసారి పట్టకారు పట్టుకున్నప్పుడే తెలుస్తుంది. చేతిని కుడికి జరిపితే లోపలి కొస ఎడమకు జరుగుతుంది, తెర మీద లోతు తెలియదు. ఈ రెండింటికీ చేయి అలవాటు పడాల్సింది పెట్టెలో, ప్రాణమున్న కడుపులో కాదు.

నేర్చుకున్నది మరిచిపోవడమూ సహజమే. అరుదుగా చేసే పనులు ముందుగా చేజారతాయి. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌కి కనీసం ఆరు నెలలకోసారి మళ్లీ సాధన చేయాలని జంతువుల సీపీఆర్ కోసం రాసిన రికవర్ మార్గదర్శకాలు చెబుతున్నది అందుకే.

ఆపరేషన్ గదిలో తనిఖీ జాబితా కూడా శిక్షణలో భాగమే. మనుషుల శస్త్రచికిత్సల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన జాబితాను పశువైద్యులు తమ అవసరాలకు తగ్గట్టు మార్చుకున్నారు. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కోత పెట్టే ముందు ఒకసారి, గది వదిలే ముందు ఒకసారి పైకి చదవాలి. ఏ జంతువు, ఏ ఆపరేషన్, ఏ కాలు, రక్తం అద్దే గాజ్ గుడ్డలు ఎన్ని తెరిచాం, ఎన్ని తిరిగొచ్చాయి. ఈ గుడ్డల లెక్క కడుపు మూయక ముందే తేలాలి. రక్తంలో తడిసిన చిన్న గుడ్డ ముక్క పేగుల మధ్య అచ్చం కణజాలంలాగే ఉంటుంది. ఎక్స్‌రేలో కనబడే దారం ఉన్న గుడ్డలే వాడటం అందుకే మంచిది.

మా కుక్క ఆసుపత్రి గేటు చూస్తేనే వణుకుతుంది. గట్టిగా పట్టుకోక తప్పదా?

చాలాసార్లు అక్కర్లేదు. భయపడ్డ జంతువును నలుగురు అదిమిపట్టి చేసిన పరీక్షలో గుండె వేగం, బీపీ, రక్తంలో చక్కెర మూడూ పెరిగి కనబడతాయి. పైగా ఈసారి ఇద్దరు పట్టుకుంటే సరిపోయిన కుక్కకి వచ్చేసారి నలుగురు కావాల్సి వస్తుంది.

శిక్షణ ఉన్నవాళ్లు చేసే తీరు వేరు. జారే స్టీలు బల్ల మీద రబ్బరు చాప పరుస్తారు, లేదంటే నేల మీదే చూస్తారు. ఎదురుగా వంగి కళ్లలోకి చూడరు, పక్కనుంచి వస్తారు. నాకేలా తిండి పెట్టి, అది నాకుతుండగా సూది వేస్తారు. పెదాలు నాకడం, ఆవులించడం, కంటి తెల్లభాగం కనబడేలా పక్కచూపు చూడటం, ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, ఇవి గుర్రుమనడానికి ముందొచ్చే గుర్తులు. వీటిని పట్టుకున్నవాళ్లకి కాట్లు తక్కువ పడతాయి.

అత్యవసరం కానిది గోళ్లు కత్తిరించడమైనా సరే, వాయిదా వేయడం మంచి నిర్ణయమే. ఇంటి దగ్గరే ఇచ్చే మందులు కూడా ఉన్నాయి. గాబాపెంటిన్ లాంటిది బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు ఇస్తే పిల్లులు, కుక్కలు స్థిమితంగా ఉంటాయి. మోతాదు డాక్టరే చెప్పాలి. మనుషుల కోసం చేసిన గాబాపెంటిన్ సిరప్ మాత్రం కుక్కకి తాగించొద్దు. కొన్నిటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. అది కుక్కల్లో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

పిల్లిని మెడ వెనక చర్మం పట్టి ఎత్తితే కదలదు కదా, మరి వద్దంటారేం?

కదలకపోవడం వేరు, నెమ్మదించడం వేరు. తల్లి పిల్లి కూనల్ని అలా మోస్తుంది. పెద్ద పిల్లికి అది భయం, నొప్పి. 2022లో వచ్చిన పిల్లుల మార్గదర్శకాలు దీన్ని మానేయమంటున్నాయి. తువ్వాలు చుట్టి, పరీక్షించాల్సిన కాలో చెవో మాత్రం బయటికి తీస్తే చాలు. పైమూత తీసే వీలున్న బుట్టలో తీసుకొస్తే ఇంకా నయం. కింది సగంలో కూర్చోనిచ్చి సగం పరీక్ష అక్కడే ముగించవచ్చు.

మత్తు ఇస్తే మళ్లీ లేస్తుందా అని భయం. లోపల ఏం చేస్తారో చెప్పండి.

ప్రమాదం సున్నా అని ఎవరైనా చెబితే నమ్మకండి. బ్రిటన్‌లో 2002–2004 మధ్య దాదాపు 98 వేల కుక్కలు, 79 వేల పిల్లుల మీద జరిగిన అధ్యయనంలో మత్తు సంబంధిత మరణాలు కుక్కల్లో సుమారు 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం. ఆరోగ్యంగా ఉన్నవాటిలో ఇంకా తక్కువ, జబ్బుతో వచ్చినవాటిలో చాలా ఎక్కువ. అందుకే ముందు గుండె, ఊపిరితిత్తులు విని, రక్తం చూసి, 1 నుంచి 5 దాకా ప్రమాద స్థాయి రాస్తారు.

మత్తు యంత్రాన్ని ఆ రోజు మొదటి కేసుకు ముందే పరీక్షించాలి. అదనపు గాలి బయటికి పోయే కవాటం మూసి, ఆక్సిజన్ నింపి, ఒత్తిడి నిలుస్తుందా లేదా చూస్తారు. నిలిస్తే లీకు లేదు. ఇక్కడే అతి పెద్ద పొరపాటు పొంచి ఉంటుంది. పరీక్ష కోసం మూసిన కవాటాన్ని మళ్లీ తెరవడం మరిచిపోవడం. అప్పుడు జంతువు వదిలిన గాలి బయటికి పోదు, యంత్రానికున్న ఊపిరి సంచి బుడగలా ఉబ్బుతుంది, ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు రక్తం తిరిగి రావడం తగ్గుతుంది. కొద్ది నిమిషాల్లో గుండె ఆగిపోవచ్చు. నొక్కి పట్టుకున్నంతసేపే మూసుకుని, వేలు తీయగానే తెరుచుకునే కవాటాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఖరీదైన మానిటర్ కంటే ముందు కొనాల్సింది ఈ చిన్న భాగం.

మత్తు మందు ముందు మూడు నుంచి ఐదు నిమిషాలు ముసుగుతో ఆక్సిజన్ ఇస్తారు. గొట్టం వేయడానికి ఆలస్యమైనా ఆ నిల్వ ఆదుకుంటుంది. గొట్టం చివర చిన్న బెలూన్ ఉంటుంది. సంచి మెల్లగా నొక్కినప్పుడు గాలి లీకవకుండా ఉండేంత వరకే దాన్ని ఊదాలి. పిల్లుల్లో ఎక్కువ ఊదితే శ్వాసనాళం చిరుగుతుంది. ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పేటప్పుడు గొట్టాన్ని యంత్రం నుంచి విడదీయకపోయినా అదే జరుగుతుంది. పళ్ల శుభ్రం కోసం వచ్చిన పిల్లుల్ని పదేపదే తిప్పాల్సి వస్తుంది కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త.

ఇక మానిటర్. రక్తంలో ఆక్సిజన్ 95 శాతానికి పైన ఉండాలి. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ 35–45 మి.మీ. పాదరసం దగ్గర ఉండాలి, మత్తులో 55 దాకా ఓర్చుకోవచ్చు. సగటు బీపీ 60కి తగ్గకూడదు. వీటిలో ముందుగా చెప్పేది కార్బన్ డయాక్సైడ్ గీత. నూటికి నూరు శాతం ఆక్సిజన్ పీలుస్తున్న జంతువు ఊపిరి ఆగినా వేలి క్లిప్పు లాంటి సెన్సర్ కొంతసేపటిదాకా 98 చూపిస్తూనే ఉంటుంది. ఈ గీత మాత్రం వెంటనే పడిపోతుంది. గొట్టం వేయగానే గీత రాకపోతే అది అన్నవాహికలోకి వెళ్లి ఉండొచ్చు. మధ్యలో చదునైతే గొట్టం ఊడిందా, గుండె ఆగిందా అని చూడాలి. గీత అడుగు సున్నాకి దిగకుండా పైనే తేలుతుంటే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తోందని అర్థం. చాలాసార్లు యంత్రంలో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే సోడాలైమ్ గుళికలు అయిపోయి ఉంటాయి. ఈ ఆకారాలు చదవడం రాని చోట ఆ మానిటర్ మోగినప్పుడల్లా శబ్దం ఆపేస్తుంటారు.

వేడి గురించి. చిన్న జంతువుల ఒళ్లు అరగంటలోనే చల్లబడుతుంది. బొచ్చు గొరగడం, స్పిరిట్ పూయడం, పొట్ట తెరవడం అన్నీ కలిసి. చల్లబడితే మత్తు దిగడం ఆలస్యమవుతుంది, రక్తం సరిగ్గా గడ్డకట్టదు. వేడి గాలి ఊదే దుప్పటి మేలు. వేడినీళ్ల సీసాలు నేరుగా ఆనిస్తే కాలుతుంది, మత్తులో ఉన్నది తప్పుకోలేదు కదా.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఆపరేషన్ అయ్యాక. పైన చెప్పిన అధ్యయనంలోనే కుక్కల మరణాల్లో దాదాపు సగం, పిల్లుల మరణాల్లో 60 శాతం ఆపరేషన్ తర్వాత జరిగాయి, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు గంటల్లో. డాక్టర్ చేతులు కడుక్కుని వెళ్లిపోయి, అందరూ తర్వాతి కేసులో పడే సమయం అది. తల ఎత్తి, గొట్టం తీసి, ఒళ్లు వెచ్చబడేదాకా ఒకరు పక్కనే కూర్చోవాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు గొట్టాన్ని వీలైనంత ఆలస్యంగా, అది నమలబోయేదాకా ఉంచి తీస్తారు.

ఆపరేషన్ ముందు రాత్రి నుంచీ పస్తు ఉంచాలా?

ఆరోగ్యమైన పెద్ద కుక్క, పిల్లికి నాలుగు నుంచి ఆరు గంటలు సాధారణంగా చాలు. నీళ్లు అప్పటిదాకా తాగొచ్చు. ఎనిమిది వారాల లోపు పిల్లలకి ఒకటి రెండు గంటలకు మించితే చక్కెర పడిపోతుంది. షుగర్ ఉన్నవాటికి, వాంతుల అలవాటు ఉన్నవాటికి లెక్క వేరే ఉంటుంది, మీ ఆసుపత్రి చెప్పిన సమయమే పాటించండి. ఉదయం బిస్కెట్ తినేసిందా? దాచొద్దు. తేదీ మారుతుంది, అంతే. దాచితే ఆ తిన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

పళ్ల గార తీయడానికి కూడా మత్తు ఎందుకు? మత్తు లేకుండానే చేస్తామని కొందరు అంటున్నారు.

మత్తు లేకుండా తీసేది పైకి కనబడే గార మాత్రమే. జబ్బు ఉండేది చిగురు కింద. పన్ను చుట్టూ గీతలున్న సన్నని కడ్డీ దించి లోతు కొలుస్తారు. కుక్కలో 3 మి.మీ. దాకా, పిల్లిలో 1 మి.మీ. దాకా మామూలే. అంతకు మించితే అక్కడ ఎముక కరుగుతున్నట్టు. కుక్కకి 42 పళ్లు, పిల్లికి 30. ఒక్కో పన్ను చుట్టూ నాలుగైదు చోట్ల కొలవాలి. మెలకువగా ఉన్న జంతువు ఇందుకు ఒప్పుకోదు. పళ్లు తెల్లగా కనబడి, యజమాని నిశ్చింతగా ఇంటికెళ్లి, లోపల చీము పెరుగుతూ ఉండటం మత్తులేని శుభ్రంలో ఉన్న అసలు నష్టం.

పళ్ల ఎక్స్‌రే కూడా అంతే అవసరం. పిల్లుల్లో పన్ను తనంతట తాను కరిగిపోయే జబ్బు తరచుగా వస్తుంది. వేరు ఇంకా గట్టిగా ఉంటే మొత్తం పీకాలి. వేరు ఎముకలో కలిసిపోతుంటే పైభాగం మాత్రం కోసి చిగురు కుట్టొచ్చు. ఏది చేయాలో ఎక్స్‌రే లేకుండా ఊహించి చేస్తే వేరు ముక్కలు లోపలే మిగిలి నొప్పి కొనసాగుతుంది. శుభ్రం చేశాక పాలిష్ చేయడం మరవకూడదు. గరుకుగా వదిలేస్తే గార ముందుకంటే త్వరగా పడుతుంది.

ఎక్స్‌రే తీశారు, మళ్లీ అల్ట్రాసౌండ్ అంటున్నారు. రెండూ ఎందుకు?

రెండూ వేర్వేరు సంగతులు చెబుతాయి. ఎక్స్‌రేలో ఎముక, గాలి, లోహం బాగా కనబడతాయి. గుడ్డముక్క, పలచని ప్లాస్టిక్ మింగితే కనబడకపోవచ్చు. అల్ట్రాసౌండ్ కాలేయం, మూత్రపిండాలు, గర్భసంచి లోపలి నిర్మాణం చూపిస్తుంది, కానీ గాలిని దాటి చూడలేదు. పేగుల నిండా గ్యాస్ ఉంటే తెర మీద తెల్లని పొగే మిగులుతుంది. బొచ్చు గొరగనిదే బొమ్మ సరిగ్గా రాదు, కాబట్టి పొట్ట గొరిగితే బాధపడకండి. ముక్కు లోపల, పుర్రె, ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డలకు సీటీ స్కాన్ మేలు. మెదడు, వెన్నుపాముకు ఎమ్మారై.

ఎక్స్‌రే ఎప్పుడూ కనీసం రెండు దిక్కుల నుంచి తీయాలి. ఒక్క దిక్కు నుంచే తీస్తే విరిగిన ఎముక సరిగ్గా ఉన్నట్టే కనబడొచ్చు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందేమో చూడాలంటే మూడు. పెద్ద కుక్క పొట్ట ఉబ్బి, కక్కలేక అవస్థ పడుతుంటే కుడి పక్కకి పడుకోబెట్టి తీసిన ఒక్క ఎక్స్‌రే తక్షణం తేల్చేస్తుంది. మెలిపడ్డ కడుపు మధ్యలో గీతతో రెండు గాలి సంచుల్లా కనబడుతుంది. దీనికి నిమిషాలు లెక్క.

ఎక్స్‌రే గదిలో మిమ్మల్ని పట్టుకోమని పిలిస్తే ప్రశ్నించండి. తేలికపాటి మత్తు, ఇసుక సంచులు, పట్టీలతో మనిషి చేయి లేకుండా తీయడం మంచి పద్ధతి.

రక్త పరీక్ష పావుగంటలో ఇచ్చారు. అంత త్వరగా వచ్చింది నమ్మొచ్చా?

యంత్రం వేగం సమస్య కాదు, దానిలోకి వెళ్లిన నమూనా ఎలాంటిదన్నదే సమస్య. ఊదా మూత సీసాలో గడ్డకట్టకుండా చేసే ఈడీటీఏ ఉంటుంది. రక్తాన్ని ముందు అందులో పోసి, తర్వాత మిగిలినది మరో సీసాలోకి మారిస్తే పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా తప్పుడు ఫలితం వస్తుంది. రక్తకణాల నుంచి సీరమ్ వేరుచేయకుండా బల్ల మీద వదిలేస్తే కణాలు చక్కెరను తినేస్తూ ఉంటాయి, గంటకు సుమారు 5 నుంచి 10 శాతం తగ్గుతుంది. పిల్లుల ప్లేట్‌లెట్లు గుంపుకట్టి ఉంటే యంత్రం ఒక గుంపును ఒకటిగా లెక్కపెట్టొచ్చు, లేదా అసలు లెక్కలోకే తీసుకోకపోవచ్చు. అప్పుడు ప్లేట్‌లెట్లు పడిపోయాయని కంగారు. స్లైడ్ మీద ఒక చుక్క పూసి మైక్రోస్కోప్‌లో చూస్తే నిమిషాల్లో తేలిపోతుంది. పిడుదుల వల్ల వచ్చే బబీసియా లాంటి పరాన్నజీవులు కూడా స్లైడ్ మీదే కనబడతాయి. యంత్రం కొన్నాక మైక్రోస్కోప్ మీద దుమ్ము పేరుకున్న ల్యాబ్‌ను అంతగా నమ్మలేం.

క్రియాటినిన్ మామూలుగా ఉందంటే మూత్రపిండాలు బాగున్నాయని కాదు. దాదాపు మూడొంతుల పనితీరు పోయాకగాని అది పెరగదు. మూత్రపిండాల కోసమే చేసే మరో రక్తపరీక్ష ఎస్‌డీఎంఏ, మూత్రం చిక్కదనం కలిపి చూడాలి. ఆ మూత్రాన్ని కూడా అరగంటలోపు చూడాలి లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. మనుషుల మూత్రపరీక్ష పట్టీల మీద చిక్కదనం, తెల్లకణాల గడులు జంతువుల్లో నమ్మదగ్గవి కావు.

ఎక్స్‌రేని ఏఐ చదివేస్తుందట కదా?

చదువుతుంది, కొన్నిటిని బాగానే పట్టుకుంటుంది. అర్ధరాత్రి ఒక్కరే డ్యూటీలో ఉన్న డాక్టర్‌కి రెండో చూపుగా పనికొస్తుంది. కానీ కుక్క నిన్న ఏం మింగిందో, ఎన్నాళ్లుగా దగ్గుతోందో దానికి తెలియదు. వంకరగా పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే ఇస్తే గుండె పెద్దదైందని ధీమాగా చెప్పేస్తుంది. రిపోర్టు కింద డాక్టర్ సంతకం ఉందా లేదా చూడండి.

మాట్లాడలేని జంతువుకి నొప్పి ఎంతుందో ఎలా కొలుస్తారు?

స్కోరు పట్టికలతో. కుక్కలకు గ్లాస్గో పట్టికలో మొత్తం 24. ఆరు, ఆపైన వస్తే నొప్పి మందు పెంచే సంగతి ఆలోచించాలి. పిల్లులకు ముఖం చూసి చెప్పే పద్ధతి 2019లో మాంట్రియల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల ఎక్కడుంది అన్న ఐదింటికి ఒక్కోదానికి 0, 1, 2. మొత్తం 10లో నాలుగు, ఆపైన వస్తే మందు అవసరం. చెవులు పక్కకి తిరిగి, కళ్లు సగం మూసి, మూతి బిగించి, తల భుజాల కిందికి దించుకున్న పిల్లిని చూసి "ప్రశాంతంగా పడుకుంది" అనుకోవడమే ఇన్నాళ్లూ జరిగింది.

ఇంటి దగ్గర మనుషుల నొప్పి మాత్రలు ఇవ్వొద్దు. పిల్లికి ఒక్క పారాసెటమాల్ మాత్ర ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

గుండె ఆగితే ఏం చేస్తారు? ఇంట్లో మేం చేయగలమా?

నిమిషానికి 100–120 సార్లు, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా లోపలికి నొక్కి, ప్రతిసారీ పూర్తిగా వదలాలి. పక్కకి పడుకోబెట్టి నొక్కుతారు. బుల్‌డాగ్ లాంటి పీపా ఛాతీ వాటిని వెల్లకిలా. గొట్టం ఉంటే నొక్కడం ఆపకుండానే నిమిషానికి పది శ్వాసలు. ఇంట్లో అయితే నోరు మూసిపట్టి ముక్కులోకి, 30 నొక్కులకు రెండు శ్వాసలు. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. అలసిన చేయి లోతు తగ్గిపోయిందని తనకే తెలియదు. ఊపిరి తీసుకుంటున్న జంతువు మీద మాత్రం సాధన చేయొద్దు. ఇంట్లో మొదలుపెట్టినా దారిలో ఆసుపత్రికి ఫోన్ చేస్తూనే ఉండాలి.

పిల్లికి రక్తం ఎక్కించే ముందు గ్రూప్ చూడటం ఆలస్యం కాదా?

ఆ ఆలస్యం తప్పదు. పిల్లులకు ఏ, బీ, ఏబీ గ్రూపులుంటాయి. బీ గ్రూపు పిల్లికి ఏ రక్తం కొద్ది మి.లీ. ఎక్కించినా చనిపోవచ్చు, అదీ మొదటిసారే. కార్డు పరీక్షకు పట్టేవి నిమిషాలే.

పార్వో వైరస్ సోకిన కుక్క చేరిన ఆసుపత్రికి మా కుక్కపిల్లను తీసుకెళ్లొచ్చా?

వాళ్లు ఏం వాడి తుడుస్తారో అడిగి వెళ్లండి. స్పిరిట్‌కి, మామూలు ఫినాయిల్ వాసన ద్రవాలకి పార్వో చావదు. నెలల తరబడి నేల మీద బతికి ఉంటుంది. ముందు మలం, వాంతి పూర్తిగా కడిగేసి, ఆపైన ఒక పాలు ఇంటి బ్లీచ్‌కి ముప్పై పాళ్ల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మురికి మీద బ్లీచ్ పోస్తే అది మురికితోనే ఖర్చయిపోతుంది. నిన్న కలిపిన బ్లీచ్ నీళ్లు ఈరోజుకి బలహీనం. పార్వో గదికి విడి గౌను, విడి చెప్పులు, వీలైతే విడి మనిషి. టీకాలు పూర్తికాని పిల్లను మీరు కూడా నేల మీద వదలకుండా ఎత్తుకునే ఉండండి.

పనిముట్ల విషయానికొస్తే, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టిన పొట్లం మీద టేప్ రంగు మారిందంటే దానికి వేడి తగిలిందని మాత్రమే అర్థం. 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరి లోపలిదాకా చేరి కావాల్సినంతసేపు నిలిచిందా అన్నది వేడికి తేలిగ్గా చావని బ్యాక్టీరియా బీజాంశాల పరీక్షతో అప్పుడప్పుడు తేల్చుకోవాలి.

టీకా వేయించాక కూడా జబ్బు వచ్చింది. టీకా నకిలీదా?

రెండు మామూలు కారణాలున్నాయి. ఒకటి, తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ చిన్నప్పుడు వేసిన టీకాను పనిచేయనివ్వదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ, చివరిది 16 వారాలు నిండాక వేయాలి. పన్నెండో వారంలో ఆపేసినవాళ్లకే ఎక్కువ ఇబ్బంది. రెండు, చల్లదనం. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ తలుపు అరలో వేడెక్కుతుంది, ఐసు పక్కన గడ్డకడుతుంది. గడ్డకట్టినదాన్ని కరిగించి వేస్తే ప్రయోజనం లేదు. పొడి టీకాలో దానితోపాటు వచ్చే ద్రవం కలిపాక గంటలోపు వేసేయాలి. మంచి ఆసుపత్రిలో ఫ్రిజ్ లోపల ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం ఉంటుంది, కరెంటు పోయిన రాత్రి లోపల ఎంత వేడెక్కిందో అది చెబుతుంది.

మైక్రోచిప్ వేయిస్తే ఫోన్‌లో కుక్క ఎక్కడుందో కనబడుతుందా?

కనబడదు. అందులో బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు. సుమారు 12 మి.మీ. పొడవున్న గాజు గొట్టంలో 15 అంకెల నంబర్ మాత్రమే ఉంటుంది. 134.2 కిలోహెర్ట్జ్ స్కానర్ దగ్గరికి తెస్తే నంబర్ పలుకుతుంది. ఎక్కువగా విఫలమయ్యేది చిప్ కాదు, దాని వెనక నమోదైన పాత ఫోన్ నంబర్. నంబర్ మారిన రోజే అక్కడా మార్చండి. ఏడాదికోసారి స్కాన్ చేయించండి. చిప్ భుజాల మధ్య నుంచి మోచేతి దాకా జారవచ్చు, కాబట్టి స్కానర్‌ను నెమ్మదిగా భుజాలు, రెండు పక్కలూ తిప్పి చూడమనండి.

షుగర్ వచ్చిన పిల్లికి ఇంట్లో ఇన్సులిన్ ఇవ్వడంలో ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి?

సిరంజి దగ్గర. జంతువుల ఇన్సులిన్ కొన్ని మి.లీ.కి 40 యూనిట్లవి, మనుషులవి చాలావరకు 100 యూనిట్లవి. సిరంజిలూ రెండు రకాలు. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 సిరంజిలో నాలుగో గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది నాలుగు కాదు, పది యూనిట్లు. తారుమారు చేస్తే 1.6 మాత్రమే. సీసా మీద, సిరంజి మీద అంకె ఒకటే ఉందో లేదో మందు షాపులోనే చూసుకోండి.

తిండి మానేసిన రోజు మామూలు మోతాదు ఇవ్వకుండా డాక్టర్‌ని అడగండి. చర్మానికి అంటించే సెన్సర్లు 14 రోజులదాకా చక్కెర చూపిస్తాయి, అయితే పిల్లులు ముందే పీకేస్తుంటాయి. ఆసుపత్రిలో భయంతో పిల్లికి చక్కెర బాగా పెరుగుతుంది, ఒక్క కొలతతో షుగర్ అని తేల్చకూడదు. గత ఒకటి రెండు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమిన్ పరీక్ష అక్కడ ఉపయోగం.

వీడియో కాల్‌లో చూపిస్తే సరిపోదా?

కుట్లు ఎలా ఉన్నాయో చూపించడానికి, మందు మోతాదు అడగడానికి, నడక తేడా చూపించడానికి సరిపోతుంది. ఊపిరి అందకపోవడం, మగ పిల్లి మూత్రం రాక పదేపదే కూర్చోవడం, పొట్ట ఉబ్బి ఒట్టి డోకులు రావడం, మూర్ఛ ఐదు నిమిషాలు దాటడం, ఇవి కనబడితే కాల్ పెట్టేసి బయల్దేరండి.

మంచి వీడియో పంపితే డాక్టర్‌కి పని సులువు. మూర్ఛ వస్తే ముందు గడియారం చూడండి, తర్వాత తల నుంచి తోక దాకా కనబడేలా తీయండి. నోట్లో చేయి పెట్టొద్దు. గుండె జబ్బున్న కుక్కకి నిద్రలో ఛాతీ లేచి దిగడం అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి 30 లోపు మామూలు. రెండు మూడు సార్లు లెక్కపెట్టినా దాటుతుంటే అదే రోజు ఫోన్ చేయండి. చిగుళ్ల ఫోటో పగటి వెలుతురులో తీయండి, పసుపు బల్బు కింద పాలిపోయిన చిగురు కూడా గులాబీ రంగులో కనబడుతుంది.

వేరే ఆసుపత్రికి మారుతున్నాం. ఏ కాగితాలు అడగాలి?

ఎక్స్‌రే, స్కాన్‌ల అసలు డైకామ్ ఫైళ్లు (యంత్రం నుంచి నేరుగా వచ్చే డిజిటల్ బొమ్మలు) అడగండి. తెరకు ఫోన్ పెట్టి తీసిన ఫోటో పనికిరాదు, అందులో వెలుతురు మార్చి చూడలేరు. రక్త పరీక్షల పాత రిపోర్టులన్నీ తీసుకోండి, ఒక్క క్రియాటినిన్ కంటే మూడేళ్లుగా అది పెరిగిన తీరు ఎక్కువ చెబుతుంది. మత్తు చార్టులో ఏ మందు ఎంత ఇచ్చారో, బీపీ ఎక్కడ పడిందో ఉంటుంది. తర్వాతి డాక్టర్ మోతాదు దాన్ని చూసి సరిచేస్తారు. టీకాల బ్యాచ్ నంబర్లు, మందులు పడని వివరాలు, ప్రతిసారి తూచిన బరువు కిలోల్లో రాసి ఉందో లేదో చూసుకోండి. రెండు కిలోల పిల్లకి దశాంశ బిందువు ఒక్క చోటు జరిగితే మందు పదింతలవుతుంది. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతులకు ఎమ్‌డీఆర్1 జన్యు పరీక్ష చేయించి ఉంటే ఆ ఫలితాన్ని మొదటి పేజీలోనే పెట్టమనండి, ఐవర్‌మెక్టిన్ ఎక్కువ మోతాదు వాటి మెదడుకు విషమవుతుంది.